డి.ఏ.సి. పెట్టె చేరిస్తే ఇంట్లో పాట మెరుగుపడుతుందా?

పాత యాంప్లిఫయర్‌కూ టీవీకీ నడుమ, లేదా సెల్‌ఫోన్‌కూ స్పీకర్లకూ నడుమ డి.ఏ.సి. అనే చిన్న పెట్టెను అమరిస్తే పాట మాధుర్యం ఇనుమడిస్తుందని ఎలక్ట్రానిక్ అంగళ్లలోనూ, ఇంటర్నెట్ అమ్మకాలలోనూ విస్తారంగా ప్రచారం సాగుతోంది. కొన్ని వందల రూపాయల మొదలుకొని లక్ష దాటిన ధర వరకూ ఈ పెట్టెలు లభిస్తున్నాయి. హోసూరు, కోలారు, బళ్ళారి, బరంపురం, సిరోంచ, యానాం ప్రాంతాల తెలుగు ఇళ్ళలో ఒకనాడు ముచ్చటపడి కొనుక్కున్న యాంప్లిఫయర్లు, పెద్ద స్పీకర్ పెట్టెలు, అలమారాలో పేర్చిన క్యాసెట్లు నేటికీ చాలాచోట్ల భద్రంగానే ఉన్నాయి. వాటికి కొత్త జీవం పోయాలన్న కోరికతో ఈ పెట్టెను కొనదలచినవారు ముందుగా తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. ఉన్న పరికరంలోని మార్పిడి భాగం చెడిపోయినా, నాసిరకమైనదైనా, లేక రెండు పరికరాలను కలిపే దారే లేకపోయినా డి.ఏ.సి. నిజంగా ఉపకరిస్తుంది. అవేవీ కానప్పుడు దానివల్ల వినిపించే తేడా అత్యల్పం. చాలా ఇళ్ళలో శూన్యం.

ఆ పెట్టె చేసే పని

డి.ఏ.సి. అంటే డిజిటల్ టు అనలాగ్ కన్వర్టర్. సీడీలోనైనా, సెల్‌ఫోన్‌లోనైనా, టీవీ ప్రసారంలోనైనా పాట అంకెల రూపంలో ఉంటుంది. స్పీకరుకు అంకెలు తెలియవు. అది హెచ్చుతగ్గులతో ప్రవహించే విద్యుత్తుకు అనుగుణంగా ముందుకూ వెనుకకూ కదిలే కాగితపు గరాటు మాత్రమే. అంకెలను ఆ విద్యుత్ తరంగంగా మార్చే సాధనమే డి.ఏ.సి. కనుక అది లేకుండా డిజిటల్ పాట ఏదీ చెవిన పడదు.

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. సెల్‌ఫోన్, టీవీ, సెట్‌టాప్ బాక్సు, డీవీడీ ప్లేయరు, బ్లూటూత్ స్పీకరు, వీటన్నింటిలోనూ డి.ఏ.సి. ముందే ఉంది. బయటినుంచి కొని తెచ్చిన పెట్టె లోపలి దానికి తోడుగా పనిచేయదు. దాని స్థానాన్ని ఆక్రమిస్తుంది. అందువల్ల అడగవలసిన ప్రశ్న "డి.ఏ.సి. మంచిదేనా" అన్నది కాదు. ఇప్పుడున్న దానిలో లోపం ఉన్నదా, ఉంటే అది చెవికి తెలిసేంతటిదా అన్నదే అసలు ప్రశ్న.

సీడీలో ఒక్కొక్క వైపు ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ప్రతి కొలతనూ 65,536 మెట్లలో ఒకదానిగా నమోదు చేస్తారు. దీనినే 16 బిట్ల నమోదు అంటారు. మనిషి చెవికి వినిపించే ధ్వని హెచ్చుమీరినా 20,000 హెర్ట్జ్ వరకే; వయసు పెరిగేకొద్దీ ఆ పరిమితి ఇంకా దిగిపోతుంది. ఒక పరిమితికి లోబడిన ధ్వనిని అందుకు రెట్టింపు కంటె ఎక్కువ సార్లు కొలిస్తే, ఆ కొలతలనుంచి మూల తరంగాన్ని సంపూర్ణంగా తిరిగి నిర్మించవచ్చునని క్లాడ్ షానన్ 1949లో ప్రచురించిన వ్యాసంలో గణితపరంగా నిరూపించాడు. హ్యారీ నైక్విస్ట్ 1928లోనే ఇందుకు పునాది వేశాడు. కొలతకూ కొలతకూ నడుమ ధ్వనిలో కొంత జారిపోతుందనీ, డిజిటల్ పాట మెట్లు మెట్లుగా తెగిపోయి ఉంటుందనీ చెప్పే మాటలకు ఆధారం లేదు. వెలువడే తరంగం నున్నగానే ఉంటుంది. అలా నునుపు చేసే వడపోత డి.ఏ.సి.లోనే భాగం.

ఖరీదైన డి.ఏ.సి. పట్ల నెలకొన్న గౌరవం పూర్తిగా నిరాధారమని మాత్రం అనలేము. 1982లో సీడీ ప్లేయర్లు మొదటిసారి అంగళ్లకు వచ్చినప్పుడు 16 బిట్లను కచ్చితంగా మార్చగల చిప్పును తయారుచేయడమే కష్టసాధ్యమైన పని. ఫిలిప్స్ సంస్థ తన తొలి ప్లేయరులో 14 బిట్ల చిప్పునే వాడి, కొలతల సంఖ్యను నాలుగు రెట్లు పెంచే ఉపాయంతో ఆ కొరతను పూడ్చుకుంది. ఆ దశాబ్దంలో విడి డి.ఏ.సి.కీ, ప్లేయరులోని దానికీ తేడా వినిపించిందంటే ఆశ్చర్యం లేదు. తరువాతి నలభై ఏళ్ళలో ఆ చిప్పు ధర పడిపోయి, పనితనం పెరిగిపోయింది. పేరు మాత్రం పాత ప్రతిష్ఠతోనే కొనసాగుతోంది.

పరీక్షలు తేల్చినది

వినికిడిని పరీక్షించేటప్పుడు వినేవారికి ఏ పరికరం మోగుతున్నదో తెలియనీయరాదు. ధర తెలిసిన చెవి నిష్పక్షపాతంగా వినజాలదు. ఇ. బ్రాడ్ మేయర్, డేవిడ్ మోరాన్ అనే ఇద్దరు 2007లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో ఇటువంటి పరీక్షాఫలితాన్ని ప్రకటించారు. సీడీని మించిన ఉన్నత నమోదు గల పాటలను ఒకసారి ఉన్నవి ఉన్నట్లు, మరొకసారి సీడీ స్థాయికి కుదించి వినిపించారు. మొత్తం 554 ప్రయత్నాలలో సరియైన జవాబులు 276. బొమ్మా బొరుసా వేసి చెప్పినా ఇంచుమించు అంతే వస్తుంది.

లండన్‌లోని క్వీన్ మేరీ విశ్వవిద్యాలయానికి చెందిన జాషువా రీస్ 2016లో 18 ప్రయోగాలను, 12,500కు పైగా ప్రయత్నాలను ఒకచోట చేర్చి లెక్కించాడు. ఆయన లెక్కలో సరియైన జవాబులు నూటికి 52.3. శిక్షణ పొందినవారి విషయంలో ఆ సంఖ్య మరికొంత పెరిగింది. అంటే తేడా బొత్తిగా లేదనడం సరికాదు. ఉన్నదని ఘంటాపథంగా చెప్పడమూ సరికాదు. నిశ్శబ్దమైన గదిలో, మంచి స్పీకర్ల ముందు, చెవిని సానబట్టినవారికే లీలగా దొరికే తేడా అది. ఫ్యాను తిరుగుతూ, వీధిలో ట్రాక్టరు పోతూ, వంటింట్లో మిక్సీ మోగుతూ ఉండే ఇంట్లో దానికోసం వేలు వెచ్చించడం వివేకం అనిపించుకోదు.

ఈ రెండు పరీక్షలూ నమోదు స్థాయికి సంబంధించినవే కాని ఒక్కొక్క పెట్టెను తూచినవి కావు. అయితే పెట్టెల కొలతలు కూడా అదే వైపు చూపుతాయి. చవకైన చిప్పైనా సక్రమంగా అమర్చితే ధ్వనిని చెదరగొట్టే పాళ్ళు నూటికి 0.01 కంటె తక్కువే ఉంటాయి. స్పీకర్లలోనో, గట్టిగా మోగించినప్పుడు ఆ చెదురు నూటికి ఒకటి దాటడం సర్వసాధారణం. గొలుసులో మిక్కిలి బలహీనమైన కొక్కెం స్పీకరు అయి ఉండగా, మిక్కిలి బలమైన కొక్కేనికి మెరుగు పెట్టించడం ఏపాటి ప్రయోజనం?

ఏది బాగుపడదు?

నమోదులో లేనిదాన్ని ఏ పెట్టే తెచ్చి ఇవ్వలేదు. 1957 నాటి మాయాబజార్ పాటలు మోనోలో, అంటే ఒకే వరుసలో నమోదైనవి. వాటిని ఎంతటి డి.ఏ.సి. ద్వారా వినిపించినా వాద్యాలు కుడి ఎడమలకు విడిపోవు. నాటి ఫిల్ము శబ్దంలోని సన్నని బుస కూడా పోదు. పైపెచ్చు, పరికరం శుభ్రమైనకొద్దీ అది మరింత తేటగా వినిపించవచ్చు.

మెమొరీ కార్డుల్లో పాటలు నింపించుకునే కాలంలో వ్యాపించిన ఎంపీత్రీల సంగతీ ఇదే. సీడీ పాట సెకనుకు 14,11,200 బిట్లు తీసుకుంటుంది. 128 కిలోబిట్ల ఎంపీత్రీ అందులో పదకొండో వంతుతో సరిపెడుతుంది. చెవికి అంతగా తెలియదనుకున్న వివరాలను తీసివేసి ఈ పొదుపు సాధిస్తారు. ఒకసారి కుదించినదాన్ని మళ్ళీ కుదించి, ఆపైన మరొక కార్డుకు ఎక్కించేటప్పుడు ఇంకా కుదిస్తే తాళాల మోత ఇసుక రాలినట్లు వినిపిస్తుంది. అటువంటి ఫైలుకు పెట్టె మందు కాదు. అదే పాటకు మంచి ప్రతిని సంపాదించుకోవడమే మార్గం.

బ్లూటూత్ విషయంలో మరొక పొరపాటు తరచు జరుగుతుంది. ఫోనుకు డి.ఏ.సి. తగిలించి, పాటను బ్లూటూత్ స్పీకరుకు పంపితే ఆ పెట్టె ఊరికే వేలాడుతుంది. బ్లూటూత్‌లో అంకెలే గాలిలో ప్రయాణిస్తాయి. మార్పిడి స్పీకరు లోపల జరుగుతుంది.

నిజంగా పనికివచ్చే చోట్లు

పలుచని కొత్త టీవీల స్పీకర్లు అరచేతంత కూడా ఉండవు. ఇంట్లోని పాత యాంప్లిఫయర్‌కు టీవీ ధ్వనిని కలిపితే మార్పు వెంటనే తెలుస్తుంది. కాని అనేక కొత్త టీవీలకు వెనుక ఎరుపు, తెలుపు రంధ్రాల ఆడియో అవుట్ లేదు; సన్నని ఎర్రటి వెలుతురు వచ్చే ఆప్టికల్ రంధ్రమో, హెచ్‌డీఎంఐ రంధ్రమో మాత్రమే ఉంటుంది. పాత యాంప్లిఫయర్‌కు ఆ వెలుతురు అర్థం కాదు. ఈ రెండింటినీ కలపడానికి డి.ఏ.సి. తప్పనిసరి. ఇందుకు కొన్ని వందల రూపాయల సాధారణ పెట్టె చాలు. పెద్ద ధర పెట్టనవసరం లేదు.

తగిలించిన తరువాత శబ్దం రాకపోతే పెట్టె పాడైందని తిరిగి పంపేవారు కొందరున్నారు. చాలాసార్లు లోపం టీవీ అమరికలో ఉంటుంది. టీవీ సౌండ్ సెట్టింగులలో డిజిటల్ ఆడియో అవుట్ అనే చోట పీసీఎం అని ఎంచుకోవాలి. డాల్బీ అనో, బిట్‌స్ట్రీమ్ అనో, ఆటో అనో ఉంటే చవక పెట్టె ఆ భాషను విప్పలేక మౌనంగా ఉంటుంది, లేదా గరగరమంటుంది. ఆప్టికల్ వైరు కొనలకు పారదర్శకమైన చిన్న టోపీలు ఉంటాయి. అవి తీసి గుచ్చాలి. వైరును మడతపెట్టరాదు. పలు టీవీలలో ఈ రంధ్రంనుంచి వచ్చే శబ్దం టీవీ రిమోట్‌కు లొంగదు. హెచ్చుతగ్గులు యాంప్లిఫయర్ వద్దనే చేసుకోవాలి. ఇంట్లోని పెద్దవారికి ఈ సంగతి ముందుగా చెప్పి ఉంచడం మంచిది.

డీడీ ఫ్రీ డిష్ పెట్టె గల ఇళ్ళలో ఈ ఖర్చు కూడా అక్కరలేకపోవచ్చు. అటువంటి సెట్‌టాప్ బాక్సులలో అనేకం ఎరుపు, తెలుపు, పసుపు రంధ్రాలతోనే వస్తాయి. ఎరుపు, తెలుపు తీగలను యాంప్లిఫయర్ వెనుక ఆక్స్ అని రాసి ఉన్న చోట తగిలిస్తే సరి. మార్పిడి సెట్‌టాప్ బాక్సులోనే జరిగిపోయింది. బిందెలు కొనబోయేముందు ఇంట్లో ఉన్నవి లెక్కపెట్టుకున్నట్లే ఇదీ.

2016లో ఐఫోన్ 7 వచ్చిన తరువాత ఎన్నో ఫోన్లనుంచి గుండ్రని ఇయర్‌ఫోన్ రంధ్రం తొలగిపోయింది. వాటిని యాంప్లిఫయర్‌కు కలిపే చిన్న తోక వంటి వైరులోనే డి.ఏ.సి. ఉంటుంది. అయితే లోపల చిప్పు లేని ఉత్త తీగలూ అదే ఆకారంలో అమ్ముడవుతున్నాయి. అవి కొన్ని ఫోన్లలోనే పనిచేస్తాయి. డి.ఏ.సి. ఉన్నదని పొట్లంపై స్పష్టంగా రాసి ఉన్నదాన్నే తీసుకోవాలి.

కంప్యూటరునుంచి పాట వినేవారికి మరొక బాధ ఉంది. మౌసు కదిలినప్పుడల్లా స్పీకరులో కిచకిచ వినిపిస్తే, లోపలి భాగాల విద్యుత్ అలజడి ధ్వని మార్గంలోకి చొరబడుతున్నదని అర్థం. మార్పిడిని కంప్యూటరు పెట్టె వెలుపలికి తెస్తే ఇది చాలావరకు పోతుంది.

హోరు, ఎర్త్, ఒక హెచ్చరిక

యాంప్లిఫయర్‌ను టీవీకి కలపగానే గుయ్యిమనే హోరు మొదలవడం అనేక ఇళ్ళలో కనిపించే సమస్య. మన దేశంలో కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. రెండు పరికరాలకు రెండు వేర్వేరు చోట్ల ఎర్త్ దొరికినప్పుడు వాటిని కలిపిన ధ్వని తీగలో ఆ 50 హెర్ట్జ్ ప్రవాహం చేరి హోరుగా మారుతుంది. కేబుల్ టీవీ తీగను ఒక్క నిమిషం ఊడదీసి చూస్తే కారణం తెలిసిపోతుంది. హోరు ఆగిపోతే నేరం ఎర్త్ వలయానిదే. ప్లాస్టిక్ పోగులో వెలుతురు మాత్రమే నడుస్తుంది, కరెంటు నడవదు. కనుక ఆప్టికల్ వైరుతో కూడిన డి.ఏ.సి. ఈ వలయాన్ని తెంచివేస్తుంది. డి.ఏ.సి. వల్ల నాటకీయంగా మెరుగుపడింది అని చెప్పేవారిలో కొందరి అనుభవానికి మూలం ఇదే కావచ్చు. వారు చెప్పేది అబద్ధం కాదు. మెరుగుపడింది మార్పిడి కాదు, హోరు పోయింది.

హోరు పోగొట్టడానికి ప్లగ్గు ఎర్త్ పిన్నును విరిచివేయమని సలహా ఇచ్చేవారూ ఉన్నారు. అది ప్రాణాంతకం. యాంప్లిఫయర్ లోపలి ట్రాన్స్‌ఫార్మరు ఇన్సులేషన్ దెబ్బతిన్ననాడు దాని ఇనుప కప్పుకు 230 వోల్టులు చేరుతాయి. ఎర్త్ ఉంటే ఫ్యూజు పోతుంది. లేకపోతే ముట్టుకున్న మనిషి గుండా ప్రవహిస్తుంది. పిల్లలు తిరిగే ఇంట్లో ఈ చిట్కాకు ఎంతమాత్రం తావు ఇవ్వరాదు.

కొనేముందు ఇంట్లో చేయదగిన పరీక్ష

ఎవరివద్దనైనా డి.ఏ.సి. ఒకటి రెండు రోజులకు అరువు దొరికితే పరీక్షించి చూడడం ఉత్తమం. ఇందులో శబ్ద స్థాయి కీలకం. విడి డి.ఏ.సి.లు సాధారణంగా 2 వోల్టుల వరకు సంకేతం ఇస్తాయి. ఫోన్లలో చాలావాటిది ఒక వోల్టు లోపే. అందువల్ల పెట్టె తగిలించగానే పాట గట్టిగా వస్తుంది. గట్టిగా వచ్చినదే చెవికి మధురంగా తోస్తుంది. అంగట్లో పెట్టె మారుస్తూ వినిపించే పద్ధతిలో మోసం ఉద్దేశపూర్వకం కాకపోయినా ఇదే కిటుకు దాగి ఉంటుంది. ఒకే స్థాయిలో మోగే 100 హెర్ట్జ్ శబ్దాన్ని వినిపిస్తూ, స్పీకరు తీగల వద్ద మల్టీమీటరుతో రెండు సందర్భాలలోనూ వోల్టేజీ సమానంగా ఉండేలా చూసుకోవాలి. అటుపైన ఒకరు కనబడకుండా తీగలు మారుస్తూ ఉండగా మరొకరు పదిసార్లు విని ఏది ఏదో చెప్పాలి. పదింటిలో తొమ్మిదికి తగ్గకుండా సరిగా చెప్పగలిగితే ఆ చెవికి తేడా తెలుస్తున్నట్లే; ఊహతో అన్ని సరిపడే అవకాశం నూటికి ఒకటి మాత్రమే. ఆరో ఏడో సరిపోతే ఆ డబ్బు జేబులోనే ఉంచుకోవచ్చు.

ఉంచుకున్న డబ్బుకు మంచి వినియోగాలు లేకపోలేదు. స్పీకరు కాగితం అంచు చిరిగి ఉంటే దాన్ని మార్పించడం, మూలకు ఆనించిన పెట్టెలను గోడకు ఒక మూరెడు ముందుకు జరపడం, నున్నటి సిమెంటు గోడలు గల గదిలో మందపాటి తెర వేలాడదీయడం వంటివి మార్పిడి పెట్టెకంటె ఎన్నో రెట్లు వినిపించే తేడా తెస్తాయి. జరపడానికైతే ఖర్చే లేదు.

తిరుగు దారి మార్పిడి

అన్నింటికంటె విలువైన వినియోగం అలమారాలోని క్యాసెట్ల వద్ద ఉంది. తాతగారి హరికథ, పెళ్ళిలో అవ్వలు పాడిన మంగళహారతులు, ఊరి తిరునాళ్ళలో పట్టిన బుర్రకథ, ఇవి కంపెనీలు విడుదల చేసినవి కావు, మరొకచోట దొరకవు. కోలారు తెలుగు, హోసూరు తెలుగు, బరంపురం తెలుగు వేర్వేరు యాసలు. ఆ పలుకుబడిని పాత గొంతులో పట్టి ఉంచినది కొన్ని ఇళ్ళలో ఆ ఒక్క టేపే. ఫిలిప్స్ సంస్థ 1963లో ప్రవేశపెట్టిన ఈ క్యాసెట్టు శాశ్వతం కాదు. తేమకు బూజు పడుతుంది, అయస్కాంతపు పూత రాలుతుంది, వాయించే యంత్రాలూ కనుమరుగవుతున్నాయి.

ఇక్కడ కావలసినది డి.ఏ.సి.కి తిరగేసిన పరికరం. విద్యుత్ తరంగాన్ని అంకెలుగా మార్చేది. లైన్ ఇన్ రంధ్రాలు గల యూఎస్‌బీ ఆడియో పెట్టె ఈ పని చేస్తుంది. ఈ ఖర్చు మాత్రం సార్థకం. స్పీకరు ముందు ఫోను పెట్టి పట్టిన ప్రతిలో గది ప్రతిధ్వని, ఫ్యాను మోత కలిసిపోతాయి. తరువాత వాటిని విడదీయలేము. కంప్యూటరు మైకు రంధ్రమూ తగినది కాదు. అది సన్నని మైకు సంకేతం కోసం ఉద్దేశించినది, టేపు సంకేతానికి పగిలిపోతుంది.

ముందుగా టేప్‌రికార్డరు హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన దూదితో తుడిచి ఆరనివ్వాలి. క్యాసెట్టు పైఅంచున ఉండే చిన్న రెక్కలను విరిచివేస్తే పొరపాటున చెరిగిపోయే ప్రమాదం ఉండదు. తెల్లటి బూజు కనిపించిన టేపును వాయించరాదు. అది హెడ్డును పాడుచేసి తక్కిన క్యాసెట్లకూ అంటుకుంటుంది. మంచి స్థితిలో ఉన్నదాన్ని ఒకసారి చివరివరకూ తిప్పి, వెనక్కి తిప్పి, లైన్ అవుట్ నుంచి తీగ కలపాలి. ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రాములో, గట్టిగా పాడిన చోట్ల కూడా సూచిక సున్నా డెసిబెల్లకు 6 నుంచి 12 డెసిబెల్లు దిగువనే ఉండేలా స్థాయిని సరిచూసుకోవాలి. సాధారణ క్యాసెట్టు ధ్వని పరిధికి 16 బిట్లు, 44,100 నమూనాలు సరిపోతాయి. అంతకు మించిన అంకెలు బుసను మరింత సూక్ష్మంగా కొలుస్తాయి, అంతే.

ఎంపీత్రీగా కాక వేవ్ ఫైలుగా దాచాలి. 60 నిమిషాల క్యాసెట్టుకు సుమారు 635 మెగాబైట్లు, 90 నిమిషాలదానికి సుమారు 950 మెగాబైట్లు పడుతుంది. బంధువులకు పంపడానికి ఎంపీత్రీ ప్రతి వేరుగా తీసుకోవచ్చు. మూలప్రతులు రెండు డిస్కులలో, రెండు ఇళ్ళలో ఉండడం క్షేమం. ఫైలు పేరులో పాడినవారి పేరు, ఊరు, సంవత్సరం, సందర్భం రాయాలి. ఆ గొంతు ఎవరిదో గుర్తుపట్టగల పెద్దలను పక్కన కూర్చోబెట్టుకుని ఈ పని చేస్తే, అట్టపై రాయని పేర్లు కూడా అప్పుడే దొరుకుతాయి. అంకెలుగా మార్చిన తరువాత అసలు క్యాసెట్టును పారవేయరాదు. పెట్టెలో నిలువుగా, ఎండ తగలని చోట, స్పీకరు అయస్కాంతానికి దూరంగా ఉంచాలి.